46 మంది ఒక్కరోజులో వేసిన దారి

ఆ రోజు తీసిన ఫొటో, రాతిగోడలెక్కే మా క్లైంబింగ్ బృందంలో చాలామంది దగ్గర ఇప్పటికీ ఉంది. బండ మొదట్లో 46 మంది, అందరి చేతులకీ మట్టి పట్టిన గ్లవ్స్, ముందు వరసలో పారలు, పలుగులు, గమేళాలు. వెనక కొత్త దారి, అంచుల్లో దుంగలతో, ఎర్రగా, శుభ్రంగా. నేను మధ్యలో నిలబడి నవ్వుతున్నాను. ఆ దారి ఎటు పోవాలో గీత గీసింది నేనే. రెండు నెలలు తిరక్కుండా అదే చోట పిక్కలోతు గండి పడింది.

క్లైంబింగ్ చోట్లను వాలంటీర్లతో బాగుచేసేవాళ్ళు ఫొటోలు పెడతారు, ఎంతమంది వచ్చారో చెబుతారు. ఆ పని తర్వాత ఏమైందో రాసేవాళ్ళు తక్కువ. నేనూ అదే బాపతు. అందుకే ఈ కేసు మొదట్నుంచీ చెబుతున్నాను: ఏం చేశాం, ఎందుకు కొట్టుకుపోయింది, మళ్ళీ ఎలా కట్టాం, ఇంకా ఏం మిగిలింది.

చోటు సంగతి

అది 25 మీటర్ల ఎత్తున్న గ్రానైట్ గోడ. ఎక్కడానికి 40 దాకా రూట్లు, ఎక్కువ భాగం బోల్ట్ చేసినవే, అంటే రోప్ తగిలించుకోవడానికి రాయిలో లోహపు కడ్డీలు దింపినవి. కింద బళ్ళు ఆపే చోటు నుంచి గోడ మొదలుకి 400 మీటర్ల కాలిబాట. ఆ 400 మీటర్లలో 90 మీటర్లు ఎక్కుతాం. ఎవరూ ఆలోచించి వేసిన బాట కాదు. మొదట వచ్చినవాళ్ళు గోడ కనపడ్డ వైపు ముక్కుసూటిగా నడిచారు, తర్వాతివాళ్ళు వాళ్ళ అడుగుల్లో అడుగులేశారు. నడిమి 150 మీటర్లు మరీ నిలువు, అక్కడే 45 మీటర్లు ఎక్కాలి. బాట కింది భాగం ఒక పెద్దాయన సొంత భూమి. ఆయన ఏనాడూ వద్దనలేదు, కాగితం మీద సరేనని రాసిచ్చిందీ లేదు. వచ్చేవాళ్ళలో చాలామందికి ఆ నేల ఒకరిదన్న సంగతే తెలీదు.

గోడ మొదట్లో ఇంకో రకం దెబ్బ కనిపించేది. బిలే చేసేవాళ్ళు, అంటే ఎక్కేవాళ్ళ రోప్‌ని కింద పట్టుకుని నిలబడేవాళ్ళు, ఏళ్ళ తరబడి ఒకేచోట నిలబడితే మట్టి రాయిలా గట్టిపడుతుంది. గట్టిపడ్డ మట్టిలోకి నీళ్ళు ఇంకవు, పైపైన జారుతూ ప్రతి వానకీ ఓ పొర తీసుకుపోతాయి. చెట్ల వేళ్ళు బయటపడతాయి. మా దగ్గర నేల ఎంత దిగిందో చెప్పడానికి కొలతబద్ద అక్కర్లేకపోయింది. ఒక రూట్ మొదటి బోల్ట్‌ను పాత ఫొటోలో ఒకాయన నేలమీద నిలబడి చెయ్యి చాచి క్లిప్ చేస్తున్నాడు. ఇప్పుడు అంతే పొడుగున్నవాళ్ళు ఎగిరినా అందదు. బోల్ట్ పైకి జరగదు కదా, మనమే కిందికి దిగాం.

మరో మెలిక కూడా ఉంది. గ్రానైట్ త్వరగా ఆరుతుంది. వాన వెలిసిన కాసేపటికే ఎక్కేవాళ్ళు బయల్దేరతారు. ఇసుకరాయి గోడలైతే తడిసినప్పుడు రాయి బలం తగ్గుతుంది, పట్టులు విరుగుతాయి, అందుకని ఆరేదాకా ఆగడం అక్కడ మర్యాద. గ్రానైట్ దగ్గర ఆ మర్యాదతో పని లేదనుకుంటాం. రాయి ఆరింది గానీ కింద దారి ఆరలేదని ఎవరికీ తట్టదు. తడిమట్టి మీద పడ్డ ఒక్క అడుగు చేసే చెరుపు పొడినేల మీద వంద అడుగులు చెయ్యవు.

మొదటి రోజు

పాత బాటనే వెడల్పు చేసి, మెట్లు పెట్టి, అంచులు కట్టేద్దామనుకున్నాం. జనం కూడా బాగా వచ్చారు. అంతమందికి పని చూపించాలి కాబట్టి అన్నిచోట్లా ఒకేసారి మొదలెట్టాం. ఇదే మొదటి తప్పు. అప్పుడు మాత్రం పండగలా అనిపించింది.

ఏడెనిమిది అంగుళాల మందమున్న దుంగల్ని దారికి అడ్డంగా, సరిగ్గా లంబంగా పెట్టాం, నీళ్ళు పక్కకి పోతాయని. మెట్లకీ దుంగలే. ఒక్కో మెట్టు దాదాపు అడుగు ఎత్తు, ఎందుకంటే తక్కువ మెట్లతో పని అయిపోతుంది. బయటపడ్డ వేళ్ళ మీద పక్కనుంచి వదులు మట్టి తవ్వి పోశాం. సాయంత్రానికి అంతా అయిపోయింది. 46 మంది, ఆరేసి గంటలు, అంటే 276 మనిషి-గంటలు. ఆ అంకె నేను చాలాచోట్ల గర్వంగా చెప్పుకున్నాను.

నాకు బోల్ట్‌లు తెలుసు, రోప్ తెలుసు, గోడ తెలుసు. మట్టి తెలీదు. తెలీదన్న సంగతి కూడా తెలీదు. అమెరికాలో 1991లో మొదలైన యాక్సెస్ ఫండ్ అనే సంస్థ ఇలాంటి చోట్లకి దారి పని తెలిసినవాళ్ళను జీతాలిచ్చి పంపుతుంది. వాళ్ళు ముందు చూసి, గీత గీసి, ఆ తర్వాతే వాలంటీర్ల చేతికి పార ఇస్తారు. ఎక్కడం వచ్చినంత మాత్రాన దారి వెయ్యడం రాదని వాళ్ళు ఒప్పుకున్నారు. నేను ఒప్పుకోవడానికి రెండు పెద్ద వానలు పట్టింది.

కాలవ

మొదటి పెద్ద వానకి దుంగల వెనక మట్టి మేట వేసింది. రెండో వానకి ఆ మేట మీదుగా నీళ్ళు దుంగల్ని దూకాయి, దూకినచోట గుంట చేశాయి, గుంట నుంచి ఇంకా జోరుగా కిందికి పోయాయి. మెట్లు ఎత్తుగా ఉన్నాయని జనం అప్పటికే పక్కనుంచి నడుస్తున్నారు. దారి పక్కన ఇంకో దారి, దాని పక్కన మూడోది. వేళ్ళ మీద పోసిన మట్టి చిరునామా లేకుండా పోయింది. పోలేదు నిజానికి, పెద్దాయన పొలం కాలవలోకి చేరింది.

ఆయన కబురు పంపాడు. నేనూ మా బృందంలో ఇంకొకామె వెళ్ళాం. ఏం తిడతాడోనని ఆయన ఇంటి మెట్లెక్కేముందు ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఆయన తిట్టలేదు. కాలవ దగ్గరికి తీసుకెళ్ళి, అందులో పూడిన ఎర్రమట్టిని కర్రతో కదిపి చూపించాడు. తర్వాత మా దారి మొదలు దాకా నడిచాడు.

"ఇది దారి కాదు బాబూ, కాలవ తవ్వారు మీరు."

"నీళ్ళు పక్కకి పోవడానికి దుంగలు పెట్టాం తాతా."

"పెట్టారు. మడవ ఏదీ?"

పొలానికి నీళ్ళు పెట్టే ప్రతివాళ్ళకీ మడవ తెలుసు. నీళ్ళు ఎక్కడ తిరగాలో అక్కడ గట్టు తెగ్గొట్టి దారి ఇస్తారు. మేం అడ్డం పెట్టాం గానీ తలుపు తియ్యలేదు. నీరు పల్లమెరుగు అని చిన్నప్పట్నుంచీ వింటున్నాం కదా, ఆ మాటను 46 మందిమి కలిసి ఒక్కరోజులో మర్చిపోయాం. పక్కనున్నామె నా వైపు చూసి, "ఈయన్ని ముందే అడగాల్సింది" అంది. పెద్దాయన విన్నాడు. "ఇప్పుడడగండి అమ్మాయ్. మళ్ళీ వాన పడ్డప్పుడు రండి, నేనూ వస్తా."

వానలో నడక

ఈ కేసులో అన్నిటికన్నా విలువైన పని పార ముట్టకుండా జరిగింది. మూడు వానల్లో, పడుతుండగానే, ఆ బాట పొడుగునా నడిచాం. పిడుగులున్న రోజు మానేశాం, జారే బండల జోలికి పోలేదు. చేతిలో రంగుగుడ్డ కట్టిన పుల్లలు. నీళ్ళు దారిలోకి దిగేచోట ఎర్ర పుల్ల, సహజంగా బయటికి పోవాలని చూసేచోట తెల్ల పుల్ల. వాన వెలిశాక వెనక్కి తిరిగి చూస్తే ఎర్రవి పదకొండు, తెల్లవి రెండే.

అసలు దొంగ పైన దొరికాడు. నడిమి నిలువు భాగానికి సరిగ్గా పైన ఒక పెద్ద చదును బండ ఉంది, దాదాపు 600 చదరపు మీటర్లు. బండ చుక్క నీరు కూడా తాగదు. గంటలో 30 మిల్లీమీటర్ల వాన పడితే దానిమీద నుంచి 18,000 లీటర్లు దిగుతాయి, అదీ ఒకే మూల నుంచి. ఆ మూల కింద మా బాట నోరు తెరుచుకుని ఉంది. ఎండలో వంద సార్లు ఆ బండ మీద కూర్చుని నీళ్ళు తాగాం, ఆ మాట ఒక్కసారీ తట్టలేదు.

దారి పని చేసేవాళ్ళ దగ్గర ఒక లెక్క ఉంది. దారి వాలు, ఆ చోట కొండ వాలులో సగానికి మించకూడదు. మించితే నీళ్ళు దారిని అడ్డంగా దాటిపోవు, దారినే పట్టుకుని దిగుతాయి. మా నడిమి భాగంలో కొండ వాలు 40 శాతం లోపే, బాట వాలు 30 శాతం. ఎన్ని దుంగలు పెట్టినా ఆ బాట నిలవదు. దాన్ని బాగుచెయ్యాలనుకోవడమే తప్పు, వదిలెయ్యాలి. రెండు మలుపులు తిప్పి 150 మీటర్లని 300 మీటర్లు చేస్తే వాలు 15 శాతానికి వస్తుంది. జనం రెట్టింపు దూరం నడవాలి. దీని మీద బృందంలో పెద్ద గొడవే అయింది. "ఇంత దూరం ఎవరు నడుస్తారు" అన్నవాళ్ళు నిజానికి గోడ మీద రోజుకి పది రూట్లు ఎక్కేవాళ్ళు. సరదా లోకం.

ఏడుగురు

రెండో విడతకి పిలిస్తే 19 మంది వచ్చారు. వాన కాలం ముదిరి, పని మెల్లగా సాగేసరికి ఏడుగురం మిగిలాం. అయిదు నెలలు, నెలకి రెండు ఆదివారాలు. ఏ రోజూ ఏడుగురం కలిసింది లేదు, సగటున అయిదుగురం, అయిదేసి గంటలు. మొత్తం 250 మనిషి-గంటలు. మొదటి రోజు లెక్కకన్నా తక్కువే. పుస్తకంలో రెండు అంకెలూ పక్కపక్కన రాసుకున్నప్పుడు కాసేపు మాట రాలేదు.

కొత్త దారి చదును చెయ్యడానికి దాదాపు 100 మనిషి-గంటలు పోయాయి. దారి ఉపరితలం కొండ బయటి వైపుకి కొద్దిగా వాలి ఉండాలి, నూటికి అయిదు పాళ్ళు, నీళ్ళు పలచటి పొరలా దాటిపోయేలా. ప్రతి యాభై అరవై అడుగులకీ దారిని కాస్త పల్లం చేసి మళ్ళీ లేపాం. నడిచేవాళ్ళకి తెలీనంత మెత్తటి పల్లం. కింది వైపు వెడల్పుగా నోరు తీశాం. పెద్దాయన వచ్చి చూసి, "ఇదీ మడవంటే" అన్నాడు. దుంగకి, ఈ పల్లానికి తేడా ఏమిటంటే, దుంగ పూడితే పని ఆగిపోతుంది, పల్లం సగం పూడినా పనిచేస్తుంది. బండ మూల దగ్గర మాత్రం నీటిని మళ్ళించలేకపోయాం. అక్కడ దారి పల్లంలో పెద్ద రాళ్ళు పరిచి, వరద దాని మీదుగా నిక్షేపంగా దాటేలా వదిలాం.

రెండు గుండ్ల మధ్య ఇరుకులో మలుపు తిప్పడానికి చోటు లేదు. అక్కడ 16 రాతిమెట్లు. ఒక మెట్టు ఎలా కూర్చోబెడతారో వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను దీని మీద పెట్టిన గంటలు ఏ రూట్ మీదా పెట్టలేదు.

రాయి 60 సెంటీమీటర్ల పొడుగు, 45 వెడల్పు, 25 మందం అనుకోండి. చూడ్డానికి టీవీ పెట్టె అంత. బరువు దాదాపు 180 కిలోలు. దాన్ని ఎత్తరు. రెండు పలుగులతో మూలమూలగా నడిపిస్తారు: ఒక మూల లేపి, కింద చిన్న రాయి తోసి, రెండో మూల తిప్పుతారు. వేళ్ళు రాయి కిందికి ఎప్పుడూ పోకూడదు. మాట ఒక్కరే చెబుతారు, మిగతావాళ్ళు నోరు మూసుకుంటారు. ఇద్దరు ఒకేసారి "ఆగు", "తొయ్యి" అన్న రోజు నా బూటు ముక్కు నలిగింది, లోపల వేళ్ళు మిగిలాయి. కింది మెట్టు ముందు, పై మెట్టు తర్వాత, పైది కిందిదాని వీపు మీద రెండు మూడు అంగుళాలు ఎక్కి కూర్చోవాలి. అప్పుడు ఒకదాని బరువు ఒకటి పట్టుకుంటుంది. రాయిలో కొంత భాగం నేలలోనే ఉండాలి. బయటికి కనిపించే ఎత్తు 17 సెంటీమీటర్లు, ఎందుకంటే అంతకన్నా ఎక్కువైతే జనం పక్కకి దిగుతారు, అది మొదటిసారి చూశాం. పైతలం ముందుకి అరంగుళం వాలాలి, నీళ్ళు నిలవకుండా.

కూర్చున్నాక నాలుగు మూలల మీదా ఒక్కొక్కరుగా నిలబడి ఊగుతాం. 'టక్' మని చిన్న చప్పుడొచ్చినా రాయి బయటికి తీసి గుంట మళ్ళీ చెక్కాల్సిందే. ముందు వైపు చిన్న రాయి దూర్చి సర్దుదామని ప్రతి కొత్తవాళ్ళకీ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఆ చిన్న రాయి మూడు నెలలకి ఊడిపోతుంది. వెనక ఖాళీని మట్టితో నింపకూడదు, సమ్మెటతో కొట్టిన రాతిముక్కలతో నింపి దిమ్మిసతో కూరాలి. పక్కల్లో మోకాలెత్తు గుండ్లు రెండు వికారంగా పాతాలి, మెట్టు వదిలి పక్కన నడవబుద్ధి కానంత వికారంగా. మొదటి మెట్టుకి రెండున్నర గంటలు పట్టింది. పదహారోది గంటలోపే అయింది.

పాత బాటను మూసెయ్యడం చివరి పని. నేలని పలుగుతో గుల్ల చేసి, ఎండుకొమ్మలు నిలువుగా గుచ్చి, కంపతో కనపడకుండా చేశాం. బోర్డు పెట్టలేదు. కళ్ళకి దారి కనిపిస్తుంటే 'దారి లేదు' అని రాసినా నడుస్తారు, కనపడకపోతే రాయక్కర్లేదు.

జనం దేనికి పనికొస్తారు

పెద్ద శ్రమదానాలు దండగని చెప్పడం నా ఉద్దేశం కాదు. గోడ మొదట్లో బిలే చేసేచోట నేల దిగకుండా మూడు రాతి తిన్నెలు కట్టాలనుకున్నాం, సిమెంటు లేకుండా, తిన్నె గోడ వెనక్కి కొంచెం వాలేలా. పునాదిరాళ్ళు మేం ఏడుగురం ముందే వేసి పెట్టుకున్నాం. వెనక నింపడానికి మూడు టన్నుల చిన్నరాయి కావాలి, అది గోడకి దిగువన రాళ్ళదిబ్బలో ఉంది. అప్పుడు అందరినీ పిలిచాం. 34 మంది వరసగా నిలబడి పదేసి కిలోల గమేళాలు చేతులు మార్చుకున్నారు. 300 గమేళాలు, రెండున్నర గంటలు. ఏడుగురికైతే నెల పట్టేది, నడుములు పోయేవి. గుంపు మోతకి గొప్పగా పనికొస్తుంది. రాయి ఎక్కడ కూర్చోవాలో తేల్చే పని గుంపుకి ఇవ్వకూడదు.

నేల దిగడం, రాయి పాడవడం మా ఒక్కచోటే కాదు. ఫ్రాన్స్‌లో ఫాంటెన్‌బ్లో అడవిలో జనం ఎక్కే పెద్ద గుండ్ల (బౌల్డర్ల) కింద ఇసుక జారి, రాళ్ళ మొదళ్ళు తేలడం పాత సమస్య. అక్కడ పైన్ బంకని గుడ్డలో మూటకట్టి రాయికి కొట్టే అలవాటు వల్ల పట్టులు అద్దాల్లా నున్నబడ్డాయి కూడా, దాంతో ఆ అలవాటు వద్దని చెప్పుకోవడం మొదలైంది. ఎక్కేవాళ్ళు అలవాటు మార్చుకోరని పెదవి విరిచేవాళ్ళకి నేను ఇంకో ముచ్చట చెబుతాను. మేకులు కొట్టీ తీసీ అమెరికాలో యోసెమిటీ గోడల పగుళ్ళు పాడవుతున్నాయని 1972లో, క్లైంబింగ్ సామాన్లు చేసే ఇవాన్ షూనార్డ్ కంపెనీ తమ సరుకు పట్టికలోనే చెప్పి, సుత్తి అక్కర్లేకుండా పగుళ్ళలో చేత్తో ఇరికించే చాక్‌లనే లోహపు ముక్కల వైపు మళ్ళమంది. వాళ్ళకి డబ్బు తెచ్చేది ప్రధానంగా ఆ మేకులే.

బోల్ట్‌లు, నా తప్పు

మొదటి రోజే చాలామంది అడిగారు, బోల్ట్‌లు మార్చే పని ఇవ్వమని. ఇవ్వలేదు. చేసిన మంచి నిర్ణయాల్లో ఇదొకటి. మట్టి పనిలో తప్పు చేస్తే మట్టి పోతుంది. బోల్ట్ పనిలో అయితే మనిషి పోతాడు.

మా గోడ మీద పాతవి జింకు పూసిన 10 మిల్లీమీటర్ల వెడ్జ్ బోల్ట్‌లు (రంధ్రంలో బిగుసుకునే రకం), కొన్నిటికి స్టెయిన్‌లెస్ హ్యాంగర్లు, అంటే బోల్ట్ తలకి బిగించిన, కొక్కెం తగిలించే రేకులు. రెండు రకాల లోహం తడిలో కలిస్తే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది, హ్యాంగర్ కింద రాయి మీద కారిన తుప్పు చార దాని ఆనవాలు. బయటికి హ్యాంగర్ మెరుస్తూ ఉంటుంది, లోపల బోల్ట్ సన్నబడుతుంది. సముద్రం పక్కన కథ వేరు: థాయ్‌లాండ్‌లో రైలే గోడల మీద స్టెయిన్‌లెస్ బోల్ట్‌లు కూడా కంటికి కనపడని పగుళ్ళతో విరిగాయి, అక్కడ టైటానియం వాడాల్సి వచ్చింది. మా గోడ సముద్రానికి దూరం, 316 రకం స్టెయిన్‌లెస్ గ్లూ-ఇన్ బోల్ట్‌లు, అంటే జిగురుతో పట్టించేవి, సరిపోతాయని తేల్చుకున్నాం. పాత బోల్ట్‌ని విరగ్గొట్టకుండా లాగి, అదే రంధ్రాన్ని పెద్దది చేసి వాడటం మా పద్ధతి. కొత్త రంధ్రాలు పెంచుకుంటూ పోతే యాభై ఏళ్ళకి గోడ జల్లెడవుతుంది.

యూరప్ ప్రమాణం ఈఎన్ 959 ప్రకారం యాంకర్, అంటే రాయిలో పాతిన ఇలాంటి బోల్ట్, పక్కకి లాగే బలాన్ని 25 కిలోన్యూటన్ల దాకా (దాదాపు రెండున్నర టన్నుల బరువంత) తట్టుకోవాలి. ఆ బలం బోల్ట్‌ది. గ్లూ పట్టు రంధ్రం శుభ్రం మీద ఉంటుంది. బ్రష్ తిప్పడం, ఊదడం, మళ్ళీ బ్రష్, మళ్ళీ ఊదడం, పొడి రావడం ఆగేదాకా. 14 బోల్ట్‌లు పెట్టిన రోజున పదమూడోదానికి వచ్చేసరికి చీకటి పడుతోంది, ఒకసారి ఊది వదిలేశాను. మర్నాడు, పెద్దాయన దగ్గరికి నాతో వచ్చినామె స్పానర్ పెట్టి తిప్పితే అది ఒరలో కత్తిలా తిరిగింది. జిగురు రాయికి పట్టలేదు, రాతిపొడికి పట్టింది. ఆ రూట్ మొదలు దగ్గర 'ఎక్కొద్దు' చీటీ వేలాడుతోంది కాబట్టి బతికిపోయాం. అప్పట్నుంచీ పెట్టినవాళ్ళు పరీక్షించరు. గ్లూ గట్టిపడే గడువు దాటాక ఇంకొకళ్ళు వచ్చి తిప్పి చూసి, పుస్తకంలో తమ చేత్తో రాస్తేనే చీటీ తీస్తాం.

రూట్ చివర, రోప్ మీద కిందికి దిగడానికి ఉండే యాంకర్లు ఇంకో తలనొప్పి. రోప్‌లో ఇరుక్కున్న ఇసుక ఆకురాయిలా లోహాన్ని కోస్తుంది. గాడి పడ్డ క్యారబైనర్ (రోప్ తగిలించే కొక్కెం) అంచు కత్తిలా తయారై రోప్‌నే కొయ్యొచ్చు. వాటిని ఏడాదికి రెండుసార్లు చూస్తున్నాం, అంతే, పెద్ద కథేం లేదు.

డేగ

గోడ కుడి చివర అరుగు మీద పెరెగ్రిన్ డేగలు గుడ్లు పెడతాయి. పుల్లలతో గూడు కట్టవు, అరుగు మీద మట్టి గీకి చిన్న పల్లం చేసుకుంటాయంతే. పొదగడానికి దాదాపు నెల రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో ఆరు వారాలు. డీడీటీ పురుగుమందు దెబ్బకి ఈ పక్షులు అమెరికాలో బాగా తగ్గిపోతే, మళ్ళీ పెంచే పనిలో గూళ్ళ దగ్గరికి రోప్ మీద దిగినవాళ్ళలో క్లైంబర్లూ ఉన్నారు. 1999లో అక్కడ అంతరించే జాతుల జాబితా నుంచి దీన్ని తీశారు.

మొదటి ఏడాది ఏడు రూట్లు మూస్తున్నామని బోర్డు పెట్టాం. అందరూ మాట విన్నారు. పిల్లలు ఎగిరిపోయాక బోర్డు తియ్యడం మర్చిపోయాం, ఆరు వారాలు. రెండో ఏడాది అదే బోర్డు పెడితే ఇద్దరు దాని పక్కనుంచే ఎక్కారు. అడిగితే, "పోయినసారి ఉత్తినే ఉంచారుగా అన్నా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు బోర్డు మీద ఒక ఖాళీ గడి ఉంది, అందులో చివరిసారి ఎవరో ఒకరు బైనాక్యులర్స్‌తో చూసిన తేదీ సుద్దతో రాస్తారు. వారం దాటిన తేదీ ఉంటే తప్పు మాది. తెరిచే రోజు చెప్పిన రోజే తెరుస్తాం, పిల్లలు ముందే ఎగిరిపోతే ముందే తెరుస్తాం. అమెరికాలో డెవిల్స్ టవర్ అనే నిలువు రాతి గుట్ట దగ్గర అక్కడి ఆదివాసీ జాతుల మీద గౌరవంతో 1995 నుంచి జూన్ నెలంతా ఎక్కొద్దని అడుగుతున్నారు, బలవంతం లేదు. అందరూ ఆగరు, చాలామంది ఆగుతారు. అడిగేవాళ్ళ మాట మీద నమ్మకం ఉన్నంతవరకే ఇలాంటివి నడుస్తాయి.

ఇప్పటి సంగతి

కొత్త దారి మీద రెండు వానకాలాలు గడిచాయి. పెద్దాయన కాలవలోకి మా మట్టి రావడం లేదు. ఆయన కాగితం మీద కూడా సరేనన్నాడు, రెండు షరతులతో: చీకటి పడ్డాక ఎవరూ తన పొలంలోంచి నడవకూడదు, ప్రతి పెద్ద వాన తర్వాత ఎవరో ఒకరు వచ్చి మడవలు చూడాలి. రెండోది మేమే పెట్టుకోవాల్సిన షరతు. మడవల నోళ్ళలో మేట తియ్యడానికి ఒక మనిషికి ఒక పార, నలభై నిమిషాలు. వంతుల పట్టికలో తొమ్మిది పేర్లున్నాయి. ఏడుగురిలో ఒకరు ఊరు మారారు, ముగ్గురు కొత్తగా చేరారు. వాళ్ళకి ఫొటోలు లేవు, వానలో ఫోన్ బయటికి తియ్యరు కాబట్టి.

16 మెట్లలో నాలుగోది, పదకొండోది కదిలాయి. నాలుగోది తీసి మళ్ళీ కూర్చోబెట్టాం. పదకొండోది నేను ఓపిక లేక ముందు వైపు చిన్న రాయి దూర్చినదే.

ఇంకొకటి పోయిన నెలలో బయటపడింది. రెండో మలుపు దగ్గర మళ్ళీ అడ్డదారి మొదలైంది. బద్ధకస్తులని కోప్పడ్డాను. తర్వాత ఒక పొద్దుటంతా అక్కడే కూర్చుని చూశాను. అడ్డంగా దిగుతున్నవాళ్ళు అందరూ కాదు, వీపున క్రాష్‌ప్యాడ్, అంటే పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే మందపాటి పరుపు, మోసేవాళ్ళు. ఆ మలుపులో మేం పాతిన గుండుకీ, కొమ్మకీ మధ్య ప్యాడ్ పట్టడం లేదు. మనిషి వెడల్పు కొలిచి దారి వేశాం, ప్యాడ్ వెడల్పు కొలవలేదు. ఆ గుండుని అడుగున్నర లోపలికి జరపాలి. వచ్చే ఆదివారం నలుగురం వెళ్తున్నాం, పలుగులు రెండు చాలు.